రేపే ప్రయాణం... ఇవాళే జలుబు!

పండక్కి ఊరెళ్లాలన్నా, సెలవుల్లో తిరుపతి వెళ్లాలన్నా నెలల ముందు నుంచే ఏర్పాట్లు చేసుకుంటాం. టికెట్లు, బట్టలు, పిండివంటలు... అన్నీ సిద్ధం. తీరా బయల్దేరే ముందురోజు పిల్లాడికి ముక్కు కారడం మొదలవుతుంది. ఇది మన ఖర్మేనా? కాదు. కాస్త ముందుచూపు ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

టికెట్లు రెండు నెలల క్రితమే తీశారు. సంక్రాంతి సెలవులు ఎప్పుడిస్తారా అని పిల్లలు క్యాలెండర్‌లో ఒక్కో తేదీ కొట్టేసుకుంటూ వస్తున్నారు. పొద్దున్నే చర్లలో బస్సెక్కాలి. గోదావరి వెంట దుమ్ముగూడెం మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు వెళ్తే భద్రాచలం. అక్కడ రాములవారికి దణ్నం పెట్టుకుని, మరో బస్సులో ఖమ్మం చేరుకుంటే రాత్రికి తిరుపతి రైలు. చిన్నవాడికి కొండమీద తలనీలాలు ఇప్పించాలన్నది నాయనమ్మ మొక్కు.

సరిగ్గా ముందురోజు సాయంత్రం... ఆడుకుని ఇంటికొచ్చిన చిన్నవాడు హాచ్‌మన్నాడు. ఒకటి, రెండు, మూడు... రాత్రికి ఒళ్లు వెచ్చబడింది.

'మొన్న అరటిపండు తిన్నాడు, అందుకే' అంది నాయనమ్మ. 'కాదత్తయ్యా, పొద్దున్నే మంచులో తిరిగాడు' అంది అమ్మ. 'పోనీ ఏదో ఒక సిరప్ పట్టించి తీసుకెళ్లిపోదాం' అన్నాడు నాన్న. చిన్నవాడు మాత్రం మూడే మాటలు అడిగాడు: 'మనం వెళ్లడం లేదా?'

ఇది చర్లలో ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఏడు జరిగే కథే. ఆరేళ్లలోపు పిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే అంటారు వైద్యులు. పెద్దవాళ్లకైతే 2, 3 సార్లు. అంటే చలికాలంలో నెలకోసారి ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. అది ప్రయాణం రోజునే రాకుండా చూసుకోవడమే అసలు కిటుకు.

మంచు కాదు... మనుషులే!

చర్లకు ఒకపక్క గోదావరి, మరోపక్క ఛత్తీస్‌గఢ్ అడవులు. తాలిపేరు వాగు నీళ్లు, చుట్టూ పచ్చని చెట్లు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారి ఎనిమిదైనా మంచు తెర తొలగదు. వీధుల్లో చలిమంటలు. భద్రాచలం డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది కాబట్టి సంక్రాంతి సందడికీ ఇక్కడ కొదవ లేదు. పండగంటే చుట్టాలు వస్తారు. చుట్టాలతోపాటు జలుబూ వస్తుంది.

చలికీ జలుబుకీ చుట్టరికం ఉందన్నది మన తాతల కాలం నాటి నమ్మకం. ఇంగ్లిషువాళ్లదీ అదే నమ్మకం. వాళ్ల భాషలో జలుబుకు పేరే 'కోల్డ్'! దీని సంగతి తేల్చుదామని ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ దగ్గర 1946లో ఏకంగా జలుబు పరిశోధన కేంద్రమే పెట్టారు. 1990 దాకా అది పనిచేసింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లను తడి బట్టలతో చల్లగాలిలో నిలబెట్టి మరీ చూశారు. వణుకు వచ్చిందిగానీ, ఉత్త చలివల్ల జలుబు రాలేదు. జలుబు రావాలంటే వైరస్ ఉండాల్సిందే.

జలుబు తెచ్చే వైరస్‌లు ఒకటీ రెండూ కాదు, 200కు పైనే. వీటిలో ఎక్కువ వాటా రైనోవైరస్‌లది. అందుకే ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ వస్తుంది. పోయినసారి వచ్చింది ఒకటి, ఈసారి వచ్చింది ఇంకోటి. అన్నింటికీ కలిపి ఒక టీకా తయారుకాకపోవడానికీ ఇదే కారణం. ఫ్లూ సంగతి వేరు. అది ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా ఉంది.

మరి చలికాలంలోనే ఎక్కువెందుకు? చలికి తలుపులూ కిటికీలూ మూసేసి అందరం ఒకే గదిలో ముడుచుకుని పడుకుంటాం. ఒకరు వదిలిన గాలి మరొకరు పీలుస్తాం. చల్లటి పొడిగాలికి ముక్కు లోపలి పొర ఎండిపోయి, వైరస్‌ను ఆపే శక్తి కొంత తగ్గుతుంది. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలంలోనూ ఆ తర్వాతా మరోసారి. సంక్రాంతి సెలవులు మొదటి దానికి, దసరా సెలవులు రెండోదానికి దగ్గర్లోనే ఉంటాయి. వానాకాలంలో ఏ చలీ లేకుండానే ఫ్లూ వస్తోందంటే తప్పు చలిది ఒక్కదానిదే కాదని తెలిసిపోవడం లేదూ?

అరటిపండు, పెరుగు, సీతాఫలం... వీటిలో వైరస్ ఉండదు. తలస్నానంలోనూ ఉండదు. పక్కన తుమ్మినవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ తుంపర్లు పడ్డ బల్లమీద, పలకమీద, తలుపు గడియమీద ఉంటుంది. ఫ్లూ వైరస్ నున్నటి గట్టి వస్తువులమీద 24 నుంచి 48 గంటలదాకా బతుకుతుంది. గుడ్డమీద, కాగితంమీద 8 నుంచి 12 గంటలు. ఆ చేయి ముక్కుకో కంటికో తగిలిందా... ఇక అంతే.

లెక్క తెలిస్తే సగం గెలిచినట్టే

వైరస్ ఒంట్లో చేరిన 1 నుంచి 3 రోజుల్లో జలుబు బయటపడుతుంది. ఫ్లూ అయితే 1 నుంచి 4 రోజుల్లో. ఒకసారి మొదలైతే జలుబు తగ్గడానికి వారం, ఒక్కోసారి పది రోజులు పడుతుంది. దగ్గు ఆ తర్వాతా కొన్నాళ్లుంటుంది.

ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. పిల్లాడికి ప్రయాణానికి రెండు వారాల ముందు జలుబు అంటుకుంటే బెంగ అక్కర్లేదు, బయల్దేరేనాటికి తగ్గిపోతుంది. ఆఖరి వారంలో అంటుకుంటే మాత్రం రైల్లోనో, క్యూలోనో ఆ బాధ పడాలి. కాబట్టి నెలంతా పిల్లల్ని గాజుబొమ్మల్లా దాచనక్కర్లేదు. ఆఖరి ఏడెనిమిది రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇంకో సంగతి. ఫ్లూ ఉన్నవాళ్లు తమకు ఉందని తెలియకముందే, అంటే లక్షణాలకు ఒకరోజు ముందునుంచే ఇతరులకు అంటించగలరు. ఆ తర్వాత 5 నుంచి 7 రోజులు, పిల్లలైతే ఇంకా ఎక్కువ రోజులు అంటిస్తారు. కాబట్టి 'వాళ్లు బాగానే ఉన్నారుగా' అనుకుంటే సరిపోదు. ఆఖరి వారంలో అందరి విషయంలోనూ జాగ్రత్త అవసరమే.

ఆరు వారాల ముందు: టీకా మాట

ఫ్లూ టీకాను ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయించవచ్చు. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఏటా వేయించమని భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. ఉబ్బసం, గుండెజబ్బు, మధుమేహం లాంటివి ఉన్న పిల్లలకైతే ఆ వయసు దాటినా అవసరమే. ఇంట్లోని పెద్దవాళ్లకూ, గర్భిణులకూ కూడా మంచిది.

మొదటిసారి వేయించుకునే తొమ్మిదేళ్లలోపు పిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఆ తర్వాత ఒంట్లో రక్షణ తయారవడానికి ఇంకో రెండు వారాలు. అంటే మొత్తం ఆరు వారాలు. బయల్దేరే ముందురోజు వేయిస్తే ఆ ప్రయాణానికి పనికిరాదు. రైలు టికెట్ తీసిన వారంలోనే టీకా సంగతి కూడా డాక్టరుతో మాట్లాడాలన్నది గుర్తుపెట్టుకోండి. ఫ్లూ వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది కాబట్టి టీకాలోనూ మార్పులు చేస్తుంటారు. అందుకే ఏటా వేయించుకోవాలి.

ఇది ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా ఇచ్చే టీకాల జాబితాలో లేదు. డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఈ టీకా మామూలు జలుబును ఆపదు. ఫ్లూ కూడా అసలు రానే రాదని కాదు. అది ముదిరి ఆసుపత్రిపాలయ్యే ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది. స్తోమత లేదనుకుంటే కనీసం ఉచితంగా ఇచ్చే టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో కార్డు తీసి చూసుకోండి. పెంటావాలెంట్, న్యూమోకోకల్ టీకాలు నిమోనియా తెచ్చే సూక్ష్మజీవుల నుంచి కాపాడతాయి. జలుబుగా మొదలై ప్రాణంమీదికి తెచ్చేది ఎక్కువగా ఈ నిమోనియానే.

మన రాష్ట్రాలకు ఫ్లూ భయం కొత్తకాదు. 2009లో ప్రపంచాన్ని వణికించిన స్వైన్‌ఫ్లూ మన దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే. మే నెలలో అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఓ యువకుడిలో దాన్ని కనుక్కున్నారు. 2015లో అది మళ్లీ తెలంగాణను బెంబేలెత్తించింది. ఆ వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలో ఒకటిగా కలిసిపోయింది. ప్రయాణికులతోపాటే వైరస్‌లూ ఊళ్లు తిరుగుతాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆఖరి వారం: ఇల్లే కోట

చేతులు: సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగడాన్ని మించిన చవకైన మందు లేదు. పిల్లలకు సెకన్ల లెక్క తెలియదు కాబట్టి ఒకటి నుంచి ఇరవై దాకా మెల్లగా లెక్కపెట్టమనండి. చర్ల నుంచి తిరుపతి దాకా దారిలో వచ్చే ఊళ్ల పేర్లు వరుసగా చెప్పమన్నా సరే! బడి నుంచి రాగానే, తినేముందు, ముక్కు చీదాక... ఈ మూడుసార్లు మాత్రం తప్పనిసరి. మట్టి అంటుకున్న చేతులకు శానిటైజర్ సరిగా పనిచేయదు. దాన్ని ప్రయాణానికి దాచుకోండి.

నిద్ర: అమెరికాలో 2015లో వెలువడిన ఓ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. రాత్రి ఏడు గంటలకు పైగా నిద్రపోయిన వాళ్లతో పోలిస్తే, ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయిన వాళ్లకు జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. పిల్లలకు ఇంకా ఎక్కువ నిద్ర కావాలి. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు. ప్రయాణం హడావుడిలో మొదట దెబ్బతినేది నిద్రే. సామాన్లు సర్దడం, పిండివంటలు చేయడం రెండు రోజుల ముందే ముగించేస్తే ఆఖరి రాత్రి పిల్లలు తొమ్మిదింటికల్లా పడుకుంటారు.

గాలి: రాత్రి చలికి తలుపులు వేసుకున్నా, పగలు ఎండ వచ్చాక కిటికీలన్నీ బార్లా తెరవండి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో పొగ మరో శత్రువు. పొగ పీల్చే పిల్లలకు నిమోనియా ముప్పు ఎక్కువ. వంట అయ్యేదాకా పసిపిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకోవద్దు. చలిమంటల దగ్గరా అంతే. పిల్లల్ని పొగ వచ్చే వైపు నిలబెట్టకండి. మిర్చి కోతలు మొదలయ్యాక కల్లాల వైపు నుంచి వచ్చే ఘాటుకు ముక్కు కారడం మామూలే. అది జలుబు కాదు. కానీ ముక్కు నలిపిన ప్రతిసారీ చేతికున్న వైరస్ లోపలికి వెళ్లే వీలుంటుంది.

తిండి: ఫలానాది తింటే జలుబు రాదని చెప్పగలిగిన పదార్థం ఏదీ లేదు. విటమిన్ సి మాత్రలు రోజూ మింగినా మామూలు జనంలో జలుబులు తగ్గలేదని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. కాకపోతే రోజూ తీసుకునేవాళ్లకు జలుబు కాస్త త్వరగా తగ్గింది. దానికి మాత్రలెందుకు? మన పెరటి జామకాయ ఉంది, ఉసిరికాయ ఉంది. పప్పు, గుడ్డు, మునగాకు, ఆకుకూరలతో వేడివేడి అన్నం పెడితే పిల్లల ఒంట్లో శక్తి ఉంటుంది. పాలు తాగే పసివాళ్లకు తల్లిపాలే పెద్ద రక్షణ. తల్లికి జలుబు చేసినా పాలు మాన్పించకూడదు. చేతులు కడుక్కుని, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని ఇస్తే చాలు.

జనం: ఈ ఒక్కవారం పిల్లల్ని సంతకూ పెళ్లిళ్లకూ తిప్పకండి. జలుబు చేసిన చుట్టాలు ముద్దుచేస్తామంటే మొహమాటపడకుండా 'బాబాయ్, నాలుగు రోజులాగి ముద్దుచేద్దువుగాని' అని చెప్పేయండి. ఇంట్లో పెద్దపిల్లకు జలుబు చేస్తే గ్లాసు, కంచం, తువ్వాలు, దుప్పటి వేరుచేయండి. తుమ్మేటప్పుడు అరచెయ్యి కాదు, మోచేతి మడత అడ్డుపెట్టుకోవడం నేర్పండి. అన్నట్టు, బడి నుంచి పిల్లలు తెచ్చినట్టే బస్సుల్లో తిరిగే నాన్నలూ వైరస్‌ను ఇంటికి తెస్తారు. ఆ చేతులు కడుక్కోవడం నాన్నకూ వర్తిస్తుంది!

వంటింటి వైద్యం... ఎంతవరకు?

అల్లం, మిరియాలు, తులసి వేసిన గోరువెచ్చటి కషాయం గొంతుకు హాయినిస్తుంది. పెద్దపిల్లలకు పలుచగా కొద్దిగా ఇవ్వొచ్చు. వైరస్‌ను మాత్రం అది చంపదు. ఏజెన్సీలో దొరికే మంచి తేనె దగ్గుకు బాగా పనిచేస్తుంది. పడుకునే ముందు అరచెంచా నుంచి చెంచా దాకా నాకిస్తే పిల్లలు నిద్రపోగలుగుతారు. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ముక్కు దిబ్బడ వేస్తే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు వేయండి. పసిపిల్లల ముక్కుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియాలాంటి జబ్బు వస్తుంది. హారతి కర్పూరం గుడ్డలో మూటకట్టి పిల్లల మెడలో వేయడమూ మంచిది కాదు. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ రావచ్చు. మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టబోయి ఒళ్లు కాల్చుకున్న పిల్లలు ఎందరో. ఆ గిన్నె చిన్నపిల్లల దగ్గరికే రానివ్వద్దు.

ఆ సిరప్ సీసా తీయకండి

అసలు ప్రమాదం ఇక్కడుంది. ప్రయాణం ఆగకూడదన్న తొందరలో పోయినసారి మిగిలిన సిరప్పో, షాపులో అడిగి తెచ్చిన సిరప్పో పట్టించేస్తాం. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 20 మందికి పైగా పసివాళ్లు! ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. వాళ్లంతా మొదట మామూలు దగ్గు, జలుబు, జ్వరంతో మొదలైన పిల్లలే.

ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అన్ని రాష్ట్రాలకూ హెచ్చరిక పంపింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే కూడదు. ఐదేళ్లలోపు వాళ్లకు కూడా మామూలుగా అవసరం ఉండదు. కల్తీ లేని సిరప్ అయినా చిన్నపిల్లల జలుబును తగ్గించదు, మత్తుగా పడుకోబెడుతుంది. దాన్ని చూసి 'తగ్గింది' అనుకుంటాం.

యాంటిబయాటిక్స్ వైరస్‌మీద పనిచేయవు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనేకూడదు. ఫ్లూలో ఇస్తే కాలేయానికీ మెదడుకూ ముప్పు తెచ్చే రేస్ సిండ్రోమ్ రావచ్చు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. అదీ వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున డాక్టరు రాసిచ్చిన కొలత కాగితంమీద రాసుకుని సీసాతోపాటే పెట్టుకోండి. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మూడు నెలల్లోపు పసికందుకు జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఏ మందూ వేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

జలుబా... ఫ్లూనా... మలేరియానా?

జలుబు మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర. జ్వరం ఉన్నా కొద్దిగానే. పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు.

ఫ్లూ ఒక్కసారిగా మీదపడుతుంది. పొద్దున్న బాగున్న పిల్ల సాయంత్రానికి మంచం పడుతుంది. ఎక్కువ జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు. కొందరికి వాంతులు, విరేచనాలు. ఫ్లూకు మందు ఉంది. డాక్టరు అవసరమనుకుంటే రాస్తారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఇక చర్లలాంటి అడవి పక్క ఊళ్లవాళ్లు మర్చిపోకూడని మూడో పేరు మలేరియా. భద్రాచలం ఏజెన్సీకి అది పాత శత్రువు. చలితో వణుకు, జ్వరం, తలనొప్పి... మొదట్లో చూస్తే ఫ్లూలాగే ఉంటుంది. ముక్కు కారకుండా, తుమ్ములు లేకుండా జ్వరం వస్తే అనుమానించాల్సిందే. ముక్కు కారుతున్నా సరే, ఈ ప్రాంతంలో జ్వరం వచ్చిన పిల్లలకు రక్తపరీక్ష చేయించడమే తెలివైన పని. ఆశా కార్యకర్తలకు ఇచ్చే కిట్‌తో వేలిమీద నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే అరగంటలోపే తేలిపోతుంది.

ఇందులో ప్రయాణికులు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన మెలిక ఒకటుంది. దోమ కుట్టిన వెంటనే మలేరియా బయటపడదు. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకానికి సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. అంటే చర్లలో దోమ కుడితే జ్వరం తిరుపతిలో రావచ్చు! అక్కడి డాక్టరుకు మీది ఏ ఊరో తెలియదు. చలికాలం, కొండగాలి, యాత్ర... 'ఫ్లూ అయ్యుంటుంది' అనుకునే అవకాశం ఉంది. కాబట్టి ఎక్కడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా 'మాది భద్రాచలం ఏజెన్సీ, మలేరియా ఉండే ప్రాంతం' అని చెప్పండి. ఊరికి తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చినా, ఎక్కడెక్కడ తిరిగొచ్చారో చెప్పండి. ఆ ఒక్క మాటే పిల్లల ప్రాణం కాపాడొచ్చు. ఫాల్సిపారంలో ఒక్కరోజు ఆలస్యం కూడా చాలా ఖరీదైనది.

ఈ లక్షణాలుంటే ప్రయాణం కాదు... ఆసుపత్రే!

* ఊపిరి వేగం: పిల్లలు నిదానంగా ఉన్నప్పుడు నిమిషం పాటు పొట్ట కదలికలు లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు పసికందులకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40 లేదా అంతకుమించితే నిమోనియా కావచ్చు.
* ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోవడం.
* పెదాలు, గోళ్లు నీలంగా మారడం.
* పాలు, నీళ్లు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం.
* ఫిట్స్ రావడం, పిలిచినా పలకనంత మగతగా పడి ఉండటం.
* మూడురోజులు దాటినా జ్వరం తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువవడం.

దారిలో... కొండమీద

ఇంత జాగ్రత్తపడి బయల్దేరాక దారిలో వదిలేస్తే ఎలా? పొద్దున్నే బస్సులో పిల్లల చెవులకు గుడ్డ కట్టండిగానీ కిటికీలన్నీ బిగించకండి. ఒక అంగుళం సందుంటే లోపలి గాలి మారుతుంది. దగ్గుతున్నవాళ్లు పక్కన కూర్చుంటే వీలైతే సీటు మారండి. ఐదేళ్లు దాటిన పిల్లలకు మాస్కు అలవాటు చేయొచ్చు. రెండేళ్లలోపు వాళ్లకు అస్సలు పెట్టకూడదు.

రైల్లో తినేముందు చేతులకు 60 శాతానికి తగ్గకుండా ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ రాయండి. ఎవరి నీళ్లసీసా వాళ్లదే. క్యూలైన్ల హాళ్లలో వందలమంది మధ్య గంటలు గడపాలి. పిల్లలు కమ్మీలు పట్టుకుని ఊగుతారు. ఊగనివ్వండి, ఆ తర్వాత చేతులు తుడిచాకే లడ్డూ ఇవ్వండి. తలనీలాలు ఇచ్చిన పిల్లలకు వెంటనే స్నానం చేయించి, తల పూర్తిగా తుడిచి ఉన్ని టోపీ పెట్టండి. చలి జలుబును పుట్టించదన్నాం కదా అని గుండుతో కొండగాలికి వదిలేయమని కాదు!

సంచిలో ఉండాల్సినవి: కొలత రాసిన పారాసిటమాల్, థర్మామీటర్, సెలైన్ చుక్కలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పాత చేతిరుమాళ్లు నాలుగు, సబ్బు ముక్క, మెత్తటి దుప్పటి, దోమల నుంచి రక్షణకు నిండు చేతుల చొక్కాలు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్. దాన్ని అడుగున పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోవాలి.

అయినా వచ్చేస్తే?

అన్నీ చేశాం. అయినా ముందురోజే తుమ్మాడు. అప్పుడేం చేయాలి?

ఒట్టి జలుబే అయి, జ్వరం లేకుండా, తింటూ ఆడుకుంటూ ఉంటే వెళ్లొచ్చు. చెవినొప్పి మాత్రం లేదని చూసుకోండి. ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు అది ఎక్కువవుతుంది. జ్వరం ఉంటే ఆగాలి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేదని తేలాకే కదలాలి. పారాసిటమాల్ వేసి ఒళ్లు చల్లబరచి బస్సెక్కించడమంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే. మందు దిగేసరికి రైలు ఏ అర్ధరాత్రి ఏ ఊరు దాటుతుంటుందో!

ఇది మన పిల్లాడి గురించే కాదు. బోగీలో ఎదురు బెర్తుమీద నెలలపాప ఉండొచ్చు. మనం దిగే చుట్టాలింట్లో ఉబ్బసంతో బాధపడే తాతయ్య ఉండొచ్చు. మన ఇంట్లో నాలుగు రోజుల్లో తగ్గే జబ్బు వాళ్ల ఇంట్లో ఆసుపత్రిదాకా వెళ్లొచ్చు.

టికెట్ల డబ్బు కొంత పోతుంది, నిజమే. మొక్కు ఆలస్యమవుతుంది. పిల్లలు ఏడుస్తారు. వాళ్లతో అబద్ధం ఆడకుండా 'నీకు తగ్గగానే వెళ్దాం' అని కొత్త తేదీ చెప్పి, క్యాలెండర్‌లో వాళ్ల చేతే గుర్తు పెట్టించండి. మళ్లీ రోజులు కొట్టేసుకుంటూ ఎదురుచూస్తారు.

చర్లలో ఆ రాత్రి ఆ అమ్మానాన్నలు చేయాల్సిందీ అదే. సిరప్ సీసా అటకమీదికి కాదు, చెత్తబుట్టలోకి. తెల్లారగానే వేలిమీద ఒక్క చుక్క రక్తపరీక్ష. చిన్నవాడికి వేడి గంజి, చెంచా తేనె, అమ్మ ఒడి. మొక్కు ఏమైపోతుందోనని నాయనమ్మ దిగులు పడనక్కర్లేదు. కొండమీది దేవుడు ఎక్కడికీ పోడు. పిల్లాడు నవ్వుతూ వచ్చేదాకా ఆగమంటే కాదంటాడా?